చిన్నపిల్లల్లో అంటురోగాలు: తెలుగు రాష్ట్రాల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్ల నుంచి, అంగన్‌వాడీ టీచర్ల నుంచి, ఆశా కార్యకర్తల నుంచి ఏటా ఇవే సందేహాలు వస్తుంటాయి. వానలు పడితే ఇంకా ఎక్కువ. అందుకే జవాబులన్నీ ఒక్కచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. దేనికదే పూర్తిగా ఉంటుంది. పసిబిడ్డ పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి.

## మన దగ్గర పరిస్థితి

ఈ రోజుల్లో కూడా విరేచనాలకు, నెమ్ముకు (న్యుమోనియా) పిల్లలు చనిపోతారా?

చనిపోతున్నారు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ప్రాణంతో పుట్టిన ప్రతి 1000 మందిలో ఐదేళ్లు నిండకుండానే పోతున్న పిల్లలు దేశం మొత్తమ్మీద సుమారు 42 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 35 మంది, తెలంగాణలో 29 మంది. వీటిలో సగానికి పైగా పుట్టిన 28 రోజుల్లోపు జరిగే మరణాలే. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, రక్తానికి ఇన్ఫెక్షన్ పాకడం అందుకు ప్రధాన కారణాలు. ఆ నెల గండం దాటిన బిడ్డకు అంటురోగాల్లో పెద్ద ముప్పు నెమ్ము, నీళ్ల విరేచనాలే.

పేపర్లో కొత్త వైరస్ పేరు కనిపిస్తే ఊరంతా హడలిపోతుంది. ఇంట్లో బిడ్డకు ఆరోసారి విరేచనం అయినా "పళ్లొస్తున్నాయిలే" అని ఊరుకుంటారు. బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఈ రెండింటికీ మందు ఉంది, అదీ చవగ్గా, ఊళ్లోనే దొరుకుతుంది. అదే సర్వేలో దేశవ్యాప్తంగా విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది 61 శాతం మందికి, జింక్ అందింది 31 శాతం మందికి మాత్రమే. మిగతా పిల్లలకు ఆ చవక మందు కూడా అందలేదు.

హైదరాబాద్‌లో ఉన్నా, పాడేరులో ఉన్నా పిల్లలకు వచ్చే జబ్బులు ఒకటేనా?

నెమ్ము, విరేచనాలు అంతటా ఉన్నాయి. మిగతావి మారతాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో డెంగీ ఎక్కువ. నీళ్లు నిల్వచేసే డ్రమ్ములు, కూలర్లు, కట్టుబడిలో ఉన్న భవనాలు ఆ దోమకు పుట్టిళ్లు. తాగునీటి పైపు, మురుగు కాలువ పక్కపక్కనే పోయే పాత బస్తీల్లో టైఫాయిడ్, కామెర్లు కనిపిస్తాయి.

అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల ఏజెన్సీలో మలేరియా ఇంకా ఉంది. అందులో మెదడుకు పాకే ప్రమాదమున్న ఫాల్సిపారం రకమూ ఉంది. అక్కడ జబ్బుకు తోడు దూరం కూడా శత్రువే. రోడ్డు లేని కొండ ఊరి నుంచి డోలీ కట్టి బిడ్డనో తల్లినో కిందికి దించేసరికి పూట గడిచిపోతుంది. మైదానంలో రెండు గంటల్లో అందే వైద్యం అక్కడ మర్నాటికి గానీ అందదు. అందుకే ఏజెన్సీలో ఉన్నవాళ్లు ప్రమాద లక్షణం కనిపించేదాకా ఆగకుండా జ్వరం మొదలైన రోజే పరీక్ష చేయించాలి.

ఏ కాలంలో దేనికి జాగ్రత్తపడాలి?

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నీటి ద్వారా వచ్చే విరేచనాలు, టైఫాయిడ్, ఏజెన్సీలో మలేరియా. ఆగస్టు నుంచి నవంబర్ దాకా డెంగీ. వానలు మొదలైన దగ్గర్నుంచి చలి ముగిసేదాకా దగ్గు, ఆయాసం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రోటావైరస్ విరేచనాలు. "చలికాలం విరేచనాలేంటి" అని ఆశ్చర్యపోకండి, చంటిపిల్లల్లో అది మామూలే. చలి తగ్గి ఎండలు ముదిరేలోపు తట్టు, ఆటలమ్మ. ఇది స్థూలంగా చెప్పే లెక్క. వాన వెనకబడితే జబ్బులూ వెనకబడతాయి.

చండీపురా వైరస్ మన దగ్గర వచ్చిందా? మళ్లీ వస్తుందా?

వచ్చింది. 2003 జూన్-ఆగస్టు మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు లక్షణాలు రాగా 183 మంది చనిపోయారు. కరీంనగర్, వరంగల్ జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. మొదట జపనీస్ మెదడువాపు అనుకున్నారు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో చండీపురా అని తేలింది. ఆ పేరు మహారాష్ట్రలోని ఒక ఊరిది, 1965లో ఈ వైరస్‌ను మొదట గుర్తించింది అక్కడే. 2024లో గుజరాత్‌లోనూ పిల్లలు దీనికి బలయ్యారు.

దీన్ని వ్యాపింపజేసేది దోమ కాదు, ఇసుక ఈగ. మట్టిగోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల చెమ్మలో బతుకుతుంది. దోమలో మూడో వంతు ఉంటుంది కాబట్టి మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా దూరిపోతుంది. గోడల పగుళ్లు పూడ్చడం, పేడకుప్పలు ఇంటికి దూరంగా పెట్టడం, గోడలకు మందు కొట్టడానికి వచ్చినవాళ్లను లోపలి గదుల్లోకీ రానివ్వడం, ఇవే రక్షణ. టీకా లేదు. ఉన్నట్టుండి పెద్ద జ్వరం, వాంతులు, ఫిట్స్, మత్తు కలిసి వస్తే వేచి చూడొద్దు. 2003లో చాలామంది పిల్లలు ఆస్పత్రిలో చేరిన 24 గంటల్లోపే పోయారు.

## జబ్బు రాకముందు: టీకాలు, నీళ్లు

ప్రభుత్వ టీకాలు ఏ వయసులో ఏవి వేస్తారు?

పుట్టగానే బీసీజీ (టీబీ టీకా), పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. ఈ హెపటైటిస్ టీకా 24 గంటల్లోపు పడాలి. ప్రసవమైన చోటే అడిగి వేయించుకోండి.

6, 10, 14 వారాలకు పెంటావలెంట్, పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు. పెంటావలెంట్ ఒక్క సూదిలోనే కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (నెమ్ము, మెదడుపొర వాపు తెచ్చే బ్యాక్టీరియా) అనే ఐదింటికి రక్షణ. 6, 14 వారాలకు వీటికి తోడు న్యుమోనియా టీకా పీసీవీ, పోలియో ఇంజెక్షన్ ఉంటాయి.

9 నెలలు నిండాక తట్టు-రుబెల్లా మొదటి డోసు, పీసీవీ బూస్టర్, పోలియో ఇంజెక్షన్ మూడో డోసు, విటమిన్-ఎ లక్ష యూనిట్లు. జపనీస్ మెదడువాపు ఉన్న జిల్లాల్లో ఆ టీకా కూడా అప్పుడే.

16-24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్, పోలియో బూస్టర్, విటమిన్-ఎ 2 లక్షల యూనిట్లు. మెదడువాపు జిల్లాల్లో దాని రెండో డోసు. ఆ తర్వాత ఐదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి విటమిన్-ఎ. 5-6 ఏళ్లకు డీపీటీ రెండో బూస్టర్.

ఊరికి వెళ్లి 10 వారాల టీకా తప్పిపోయింది. మళ్లీ మొదటి నుంచి వేయించాలా?

అక్కర్లేదు. వేసిన డోసు ఎక్కడికీ పోదు. ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు, డోసుకీ డోసుకీ కనీసం నాలుగు వారాలు ఎడం ఉంటే చాలు. అయితే కొన్నిటికి వయసు గడువుంది. బీసీజీ ఏడాది లోపే. పెంటావలెంట్, రోటా, పీసీవీల మొదటి డోసు ఏడాదిలోపు పడాలి, పడితే మిగతావి తర్వాతైనా పూర్తి చేస్తారు. ఏడాది దాటాక మొదలుపెడితే పెంటావలెంట్ బదులు డీపీటీ వేస్తారు, అది ఏడేళ్ల దాకా వేయవచ్చు. తట్టు-రుబెల్లా ఐదేళ్ల దాకా. కార్డు పోయినా సిగ్గుపడి ఇంట్లో ఉండిపోకండి. ఏఎన్‌ఎం రిజిస్టర్‌లోనో, టీకాలు ఆన్‌లైన్‌లో నమోదు చేసే యూ-విన్‌లోనో వివరం దొరుకుతుంది, దొరక్కపోయినా టీకా వేస్తారు.

ప్రభుత్వ టీకా మంచిదా, ప్రైవేటుదా?

రక్షణలో ప్రభుత్వ టీకా దేనికీ తీసిపోదు. "నొప్పి లేని టీకా" అని ప్రైవేటులో వేసే డీపీటీతో జ్వరం, వాపు తక్కువ. అంతే తేడా. కోరింత దగ్గు నుంచి దాని రక్షణ త్వరగా తరిగిపోతుంది కూడా. ప్రభుత్వ జాబితాలో లేనివి కొన్ని ప్రైవేటులో దొరుకుతాయి: టైఫాయిడ్, ఆటలమ్మ, గవదబిళ్లలు, హెపటైటిస్-ఎ, ఫ్లూ టీకాలు. డబ్బు పరిమితంగా ఉంటే మా సలహా టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు మొదటి స్థానం. ఆరు నెలల వయసు దాటాక ఒక్క డోసు. మన నీళ్లకు అది పనికొస్తుంది.

టీకా రోజున బాబుకి జలుబు ఉంది. వాయిదా వేయాలా?

జలుబు, కొద్దిపాటి దగ్గు, నలతజ్వరం, ఒకటి రెండు విరేచనాలు వాయిదాకు కారణాలు కావు. ఆస్పత్రిలో చేర్చాల్సినంత జబ్బుంటేనే ఆగాలి. జలుబు తగ్గాక వద్దామనుకుని మూడు నెలలు జారిపోయిన పిల్లలే తట్టు బారిన పడుతుంటారు. చాలా ఊళ్లలో టీకాలు బుధ, శనివారాల్లోనే కాబట్టి ఒక వారం తప్పితే ఇంకో పని అడ్డొస్తుంది.

బీసీజీ వేసిన చోట చీము పట్టింది. ఏం రాయాలి?

ఏమీ రాయకూడదు. రెండు నుంచి నాలుగు వారాలకు చిన్న గడ్డలా లేచి, చితికి, మానాక మచ్చ పడుతుంది. అది టీకా పనిచేసే తీరు. పసుపు, సున్నం, పౌడరు, ఆయింట్‌మెంట్ ఏదీ వద్దు. నీళ్లు పోస్తే పరవాలేదు. చంకలో గడ్డ పెద్దదై మెత్తబడితే మాత్రం చూపించండి.

రోటావైరస్ చుక్కలు మూడుసార్లూ వేయించాం. అయినా విరేచనాలు ఎందుకొచ్చాయి?

విరేచనాలు తెచ్చే క్రిములు చాలా ఉన్నాయి, ఆ చుక్కలు వాటిలో ఒకదానికే. హైదరాబాద్‌లో తయారయ్యే రోటావాక్‌పై జరిగిన పెద్ద పరీక్షలో, మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలు సుమారు 56 శాతం తగ్గాయి. అంటే జబ్బు పూర్తిగా ఆగదు, సెలైన్ దాకా వెళ్లే అవసరం సగానికి పైగా తగ్గుతుంది. 2016లో ఈ చుక్కలు ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చినప్పుడు ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

కంఠసర్పి ఎప్పుడో పోయింది కదా, బూస్టర్ ఎందుకు?

పోలేదు. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆస్పత్రి ఇప్పటికీ ఈ కేసులకు పేరుపడ్డ చోటు. చంటితనంలో వేసిన మూడు డోసుల బలం ఏళ్లు గడిచే కొద్దీ తరిగిపోతుంది. అందుకే 16-24 నెలలకు, 5-6 ఏళ్లకు బూస్టర్లు పెట్టారు. తొమ్మిది నెలల టీకాతో "అయిపోయింది" అనుకుని కార్డు బీరువాలో పెట్టేసే ఇళ్లు చాలా ఉన్నాయి. గొంతులో బూడిదరంగు పొర, మెడ వాపు, మింగలేకపోవడం కనిపిస్తే ఆ రోజే పెద్దాస్పత్రికి వెళ్లాలి. దీనికి యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, విషానికి విరుగుడు సీరం కావాలి. ఆలస్యమైతే విషం గుండెకు ఎక్కుతుంది.

మినరల్ వాటర్ క్యాన్ కొంటున్నాం. ఇంక భయం లేదా?

క్యాన్ నీళ్లు సరిగ్గా శుద్ధి చేసినవే అనుకున్నా ఒక లోపం ఉంది. ఆర్వో యంత్రం నీటిలోని క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది. తర్వాత కడగని క్యాన్‌లో పోసినా, చెయ్యి ముంచి తీసినా క్రిములు పడితే వాటిని చంపేదేమీ ఆ నీటిలో ఉండదు. కుళాయి ఉన్న డబ్బా వాడండి, లేదంటే పొడుగు కాడ గరిటెతో తీయండి. ఏడాది లోపు బిడ్డకైతే ఏ నీళ్లనైనా తెర్లేలా ఒక నిమిషం మరిగించి, మూతపెట్టి చల్లార్చి పట్టండి.

వరదప్పుడు, పైపులు పగిలినప్పుడు క్లోరిన్ బిళ్లలు పంచుతారు. బురదనీళ్లలో నేరుగా వేస్తే క్లోరిన్ అంతా ఆ మట్టికే ఖర్చయిపోతుంది. ముందు తేర్చి, గుడ్డతో వడకట్టి, అట్ట మీద రాసిన కొలత ప్రకారం బిళ్ల వేసి, అరగంట ఆగి వాడాలి. 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలినప్పుడు అందరి చూపూ తాగునీటి మీదే పడింది. అలాంటి వార్త వచ్చిన రోజు నుంచి మీ ఊళ్లో కూడా మరిగించిన నీళ్లే వాడండి.

పాలసీసా మానేయడం కూడా నీటి శుద్ధితో సమానమైన జాగ్రత్తే. పీక సందుల్లో పేరుకున్న పాలు ఎంత కడిగినా పోవు. ఉగ్గుగిన్నె, చెంచా చాలు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదు, ఎండాకాలంలో అయినా.

అమెరికా నుంచి ఎనిమిది నెలల పాపతో వస్తున్నాం. ఏం వేయించుకోవాలి?

తట్టు టీకా అక్కడ ఏడాది నిండాక వేస్తారు. విదేశీ ప్రయాణముంటే 6-11 నెలల పిల్లలకు ముందుగానే ఒక డోసు వేయాలన్నది అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సూచన. ఇది లెక్కలోకి రాదు, ఏడాది దాటాక రెండు డోసులు మళ్లీ పడాలి. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించండి. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ గురించి కూడా డాక్టర్‌ను అడగండి. అరకు, పాపికొండల వైపు తిరిగే ఆలోచన ఉంటే మలేరియా మందు సంగతి కూడా చెప్పించుకోండి.

## ఇంట్లో జబ్బు మొదలైనప్పుడు

ఓఆర్‌ఎస్ ఎలా కలపాలి? గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే కాదా?

కాదు. అందరూ చేసే పొరపాటు ఇదే. సుమారు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరుకు. పొడి ప్యాకెట్‌లో సమంగా కలిసి ఉండదు, ఉప్పు ఒకపక్క, గ్లూకోజు ఒకపక్క పేరుకుంటాయి. సగం పొడి వేస్తే ఉప్పు ఎక్కువో తక్కువో పడుతుంది. గ్లాసులో మొత్తం పొడి వేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు ఫిట్స్ రావచ్చు. గ్లాసుకే కావాలంటే 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు విడిగా దొరుకుతాయి.

చేతులు సబ్బుతో కడుక్కోండి. లీటరు మంచినీళ్ల సీసాను కొలతగా పెట్టుకోండి. కాచి చల్లార్చిన నీళ్లు గిన్నెలో పోసి, ప్యాకెట్ అంతా వేసి, అడుగున పొడి మిగలకుండా కలపండి. రుచి చూడండి: కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు. కలిపాక మళ్లీ కాచొద్దు, చక్కెర, పాలు, జ్యూస్ కలపొద్దు. 24 గంటల తర్వాత మిగిలింది పారబోయండి.

ప్యాకెట్ దొరకని రాత్రి లీటరు నీళ్లకు తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, తలకొట్టిన అర టీస్పూన్ ఉప్పు. ఉప్పు గల్లు కాకుండా మెత్తనిది వాడండి, కొలత తప్పదు. తెల్లారాక ప్యాకెట్ తెచ్చుకోండి.

ఎంత పట్టాలి? తాగిందంతా కక్కేస్తోంది.

ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ల లోపు బిడ్డకు 50-100 మిల్లీలీటర్లు, రెండు నుంచి ఐదేళ్ల బిడ్డకు 100-200 మిల్లీలీటర్లు. దాహంతో గ్లాసు ఎత్తి గటగటా తాగిస్తే కడుపు ఒక్కసారిగా నిండి కక్కేస్తుంది. కక్కాక పది నిమిషాలు ఆగి, నిమిషానికో చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. విసుగొచ్చే పనే గానీ, ఆ చెంచానే సెలైన్ సూదిని తప్పిస్తుంది. చెంచాతో పట్టినా వరసగా కక్కుతుంటే, లేదా రెండు నెలల లోపు బిడ్డ అయితే, ఇంట్లో ఉంచుకోకండి.

మెడికల్ షాపులో టెట్రాప్యాక్‌లో ఇచ్చిన పండ్ల రుచి ఓఆర్‌ఎస్ పట్టవచ్చా?

వద్దు. ఆ పానీయాల్లో చాలావాటిలో చక్కెర ఎక్కువ, లవణాలు తక్కువ. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీరు ఇంకా లాక్కొస్తుంది, విరేచనాలు పెరుగుతాయి. వాటి మీద ఓఆర్‌ఎస్ పేరు ఉండకూడదని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. ప్యాకెట్ వెనక ఈ నాలుగూ ఉంటేనే తీసుకోండి. కూల్‌డ్రింక్‌లు, ఉత్త గ్లూకోజు నీళ్లు కూడా ఇదే కోవలోవి.

విరేచనాలు మూడో రోజుకే తగ్గాయి. జింక్ ఆపేయవచ్చా?

ఆపొద్దు. 14 రోజులూ వేయాలి. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి, 2-6 నెలల బిడ్డకు సగం. చెంచాలో తల్లిపాలో, కాచిన నీళ్లో పోసి కరగనిచ్చి పట్టండి. ఇది పేగు పొరను బాగుచేస్తుంది, తర్వాతి రెండు మూడు నెలలు మళ్లీ విరేచనాలు రాకుండా కాస్తుంది. విరేచనాలను వెంటనే కట్టేసే పెద్దవాళ్ల బిళ్లలు పిల్లలకు ఎప్పుడూ వేయకండి. కదలిక ఆగి పేగు స్తంభిస్తుంది.

విరేచనాలైతే కడుపు మాడ్చాలంటున్నారు మా అత్తయ్య.

ఆ మాట వెనక ప్రేమే ఉంది గానీ, మాడిస్తే బిడ్డ నీరసించి కోలుకోవడం ఆలస్యమవుతుంది. తల్లిపాలు మామూలు కంటే ఎక్కువసార్లు ఇవ్వండి. అన్నం తినే వయసైతే పలచని మజ్జిగ, ఉప్పు వేసిన గంజి, మెత్తని పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ. అత్తయ్యగారికి గంజి కాచే పని అప్పగించండి, ఆవిడ చేతి గంజి ఓఆర్‌ఎస్‌కు మంచి తోడు.

జ్వరానికి పారాసిటమాల్ ఎన్ని మిల్లీలీటర్లు?

వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. ప్రమాదం సీసాల దగ్గరుంది, ఎందుకంటే ఒకే మందు మూడు బలాల్లో వస్తుంది. పది కిలోల బిడ్డకు 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు. అదే 250 ఉన్నదైతే 3 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 100 ఉన్న చుక్కల మందైతే ఒకటిన్నర మిల్లీలీటరు. చుక్కల మందును సిరప్ కొలతతో పోస్తే నాలుగు రెట్లు పడుతుంది, కాలేయం దెబ్బతింటుంది. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమొస్తే మందు పోసి చూడటం కాదు, నేరుగా డాక్టర్ దగ్గరికే. డెంగీ కాలంలో ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, మెఫెనమిక్ యాసిడ్ పోయొద్దు.

దగ్గు మందు ఏది మంచిది?

ఐదేళ్ల లోపు పిల్లలకు ఏదీ కాదు. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక కేంద్ర ఆరోగ్య విభాగం రెండేళ్ల లోపు దగ్గు-జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్ల లోపు సాధారణంగా వద్దని మళ్లీ చెప్పింది. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు, ఏడాది దాటితే అర చెంచా తేనె, గోరువెచ్చని నీళ్లు. ఏడాది లోపు తేనె నాకించకండి.

మామూలు దగ్గో, నెమ్మో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

ఊపిరి లెక్కపెట్టి. బిడ్డ ఏడవనప్పుడు, పాలు తాగనప్పుడు, నిద్రలో అయితే మరీ మంచిది. చొక్కా పైకెత్తి, పొట్ట మీద వెలుతురు పడేలా పడుకోబెట్టండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. ఫోన్‌లో గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కించండి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది, చంటిపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు.

రెండు నెలల లోపు 60 లేదా ఎక్కువ, 2-12 నెలలకు 50 లేదా ఎక్కువ, 1-5 ఏళ్లకు 40 లేదా ఎక్కువ అయితే నెమ్ము కావచ్చు, ఆ రోజే చూపించాలి. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద డొక్క లోపలికి గుంట పడుతుంటే, మూలుగుతుంటే, పెదాలు నీలంగా ఉంటే రాత్రయినా బయల్దేరాలి. పల్లెల్లో దీన్ని పాలుబ్బసం అని పొట్టకు వాతలు పెట్టిస్తుంటారు. ఆ కాలిన పుండు వల్ల జబ్బుకు ఇంకో ఇన్ఫెక్షన్ తోడవుతుంది, విలువైన సమయమూ పోతుంది.

జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. తాళాలు చేతిలో పెట్టాలా?

వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బట్ట వదులు చేయండి, నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మందు ఏదీ పెట్టకండి. టైమ్ చూసుకోండి. చాలావరకు ఐదు నిమిషాల్లోపు ఆగిపోతాయి. ఆగకపోతే, లేదా ఆగాక కూడా బిడ్డ సరిగా మేల్కోకపోతే అత్యవసరం. మొదటిసారి వస్తే వెంటనే ఆగినా చూపించాలి.

తట్టు పోసింది. అమ్మవారు కదా, మందులు ఇవ్వొచ్చా?

వేపాకు కట్టుకోండి, పూజ చేసుకోండి, దానివల్ల నష్టం లేదు. నష్టమంతా డాక్టర్‌కు చూపించకపోవడంలో, తిండి తగ్గించడంలో ఉంది. తట్టు శరీరంలోని విటమిన్-ఎను పీల్చేస్తుంది, చూపు పోవచ్చు, వెనకే నెమ్ము వస్తుంది. రెండు రోజులు వరసగా విటమిన్-ఎ ఇవ్వాలి: ఏడాది దాటితే రోజుకు 2 లక్షల యూనిట్లు, 6-11 నెలలకు లక్ష, అంతకంటే చిన్నవాళ్లకు 50 వేలు. పీహెచ్‌సీలో ఉచితం. దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచి నాలుగు రోజుల తర్వాత దాకా ఇది అంటుకుంటుంది. ఆశా కార్యకర్తకు చెప్తే వీధిలో టీకా పడని పిల్లలను పట్టుకోగలుగుతారు.

## ఆస్పత్రికి వెళ్లేటప్పుడు

విరేచనాలకు సెలైన్ ఎక్కిస్తేనే తగ్గుతుందా?

ఎక్కువమందికి సెలైన్ అక్కర్లేదు. నీరు ఎంత పోయిందో చూడాలి. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. మెల్లగా సర్దుకుంటే, కళ్లు లోతుకుపోతే, దాహంతో ఆత్రంగా తాగుతుంటే ఆస్పత్రిలో నాలుగు గంటల్లో కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున ఓఆర్‌ఎస్ పడతారు. చర్మం రెండు సెకన్లకు మించి అలాగే నిలబడితే, తాగలేకపోతే, మత్తుగా ఉంటే అప్పుడు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. దారి పొడవునా చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూనే వెళ్లండి. విరేచనంలో రక్తముంటే డాక్టర్ రాసే యాంటీబయాటిక్ అవసరం. ఉత్త నీళ్ల విరేచనాలకు సాధారణంగా అవసరం లేదు.

డెంగీలో ప్లేట్‌లెట్లు 60 వేలకు పడ్డాయి. ఎక్కించమని అడగాలా?

అడగొద్దు. రక్తస్రావం లేకపోతే సాధారణంగా 10 వేల లోపుకు పడితేనే ఎక్కించే ఆలోచన చేస్తారు. డెంగీలో ప్రాణం తీసేది చాలాసార్లు ప్లేట్‌లెట్ల తగ్గుదల కాదు, రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోవడం. అది సరిగ్గా జ్వరం దిగే రోజుల్లో, మూడు నుంచి ఏడో రోజు మధ్య జరుగుతుంది. జ్వరం తగ్గింది కదా అని డిశ్చార్జి అడిగేదీ అప్పుడే. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, చిగుళ్ల నుంచి రక్తం, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోవడం, మరీ చిరాకు లేదా మత్తు: వీటిలో ఒకటున్నా చేర్చాలి. రిపోర్టులో ప్లేట్‌లెట్లతో పాటు, రక్తం చిక్కబడటాన్ని చూపే హెమటోక్రిట్ పెరుగుతోందా అని అడగండి. బొప్పాయి ఆకు రసం కక్కిస్తే ఉన్న నీరు కూడా పోతుంది.

ఏజెన్సీలో ఉన్నాం. జ్వరం వస్తే ఏం చేయాలి?

ఆశా కార్యకర్త దగ్గరి కిట్‌తో వేలి నుంచి చుక్క రక్తం తీసి పావుగంట, ఇరవై నిమిషాల్లో మలేరియా ఉందో లేదో చెప్తారు. మొదటి 24 గంటల్లోనే చేయించండి. మందు కోర్సు పూర్తి చేయాలి. వైవాక్స్ రకానికి క్లోరోక్విన్ మూడు రోజులు, కాలేయంలో దాక్కున్న క్రిమికి ప్రైమాక్విన్ 14 రోజులు. ఏడాది లోపు బిడ్డకు ప్రైమాక్విన్ ఇవ్వరు. మూడు రోజులకే జ్వరం తగ్గి మందు మానేసినవాళ్లకే రెండు నెలలకు తిరగబెడుతుంది. పంచిన దోమతెరను చేపల వలగా వాడకండి, ఉతికితే నీడలో ఆరేయండి, ఎండకు మందు పోతుంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ వేస్తే తగ్గిపోతుంది కదా?

వైరల్ జ్వరమైతే ఇంజెక్షన్ లేకపోయినా తగ్గేది. స్టెరాయిడ్ కలిస్తే జ్వరం పైకి దిగి లోపల జబ్బు ముదురుతుంది. వేసిన మందు పేరు చీటీ మీద రాయించుకోండి. పెద్దాస్పత్రి డాక్టర్‌కు అది ఎంతో పనికొస్తుంది.

## తగ్గాక

మళ్లీ అంగన్‌వాడీకి ఎప్పుడు పంపాలి?

తట్టుకు దద్దుర్లు వచ్చిన నాలుగు రోజుల తర్వాత, ఆటలమ్మకు పొక్కులన్నీ చెక్కు కట్టాక, గవదబిళ్లలకు వాపు మొదలైన ఐదు రోజుల తర్వాత, విరేచనాలకు ఆగిన 48 గంటల తర్వాత. చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులు వచ్చే జబ్బుకు జ్వరం తగ్గి పొక్కులు ఎండాక.

జబ్బు పడి లేచాక చిక్కిపోయాడు. టానిక్ పోయాలా?

టానిక్ కంటే రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా తిండి మంచిది. పప్పన్నంలో చెంచా నెయ్యో నూనెనో, గుడ్డు, వేరుశనగ పొడి. అంగన్‌వాడీలో బరువు తూయించి, దండచేయి (భుజానికి, మోచేతికి మధ్య భాగం) చుట్టుకొలత కొలిపించండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల బిడ్డకు 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే అది తీవ్ర పోషకాహార లోపం, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపుతారు. ఏడాది దాటితే ఆరు నెలలకోసారి నులిపురుగుల మందు: రెండేళ్ల లోపు ఆల్బెండజోల్ సగం బిళ్ల అంటే 200 మిల్లీగ్రాములు, ఆపైన 400. బిళ్లను పొడి చేసి నీళ్లలో కలపండి, మింగిస్తే గొంతులో అడ్డుపడుతుంది.

ఇంట్లో తాతయ్యకు టీబీ అని తేలింది. మనవడు బాగానే ఉన్నాడు. ఏమైనా చేయాలా?

చేయాలి. ఐదేళ్ల లోపు పిల్లల్లో టీబీ క్రిమి మెదడుకు పాకే ముప్పు పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువ. బిడ్డకు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం లేవని పరీక్షలో తేలాక, టీబీ రాకుండా కాపాడే మందు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇస్తారు. ఐసోనియాజిడ్ అయితే ఆరు నెలలు, కిలోకు 10 మిల్లీగ్రాములు. బీసీజీ వేయించామని మానొద్దు. ఈలోగా తాతయ్య మాస్కు పెట్టుకుని, గాలి వెలుతురు వచ్చే వేరే గదిలో పడుకుంటే మంచిది. ఆయన మందులు సక్రమంగా వేసుకుంటుంటే కొన్ని వారాల్లో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది, మనవడిని మళ్లీ ఎప్పుడు దగ్గరికి తీసుకోవచ్చో డాక్టర్ చెప్తారు.